షాలేమ్‌రాజు మానిటర్ కోసం ప్రార్థన

ములకలపల్లిలో బస్సులు ఆగేచోటికి ఎదురుగా, ఎరువుల కొట్టుకూ టిఫిన్ బండికీ నడుమ ఇరుక్కుని ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని యజమాని షాలేమ్‌రాజు. నలభై దాటిన బొద్దు మనిషి. ఎవరు ఎదురుపడినా ముందు క్షమాపణ అడుగుతున్నట్టు నవ్వుతాడు, ఆ తర్వాతే పలకరిస్తాడు. చుట్టూ అడవి అంచు ఊళ్ళలో ఏ చర్చిలో పెళ్ళయినా కెమెరా మెడలో వేసుకుని ఆయనే వెళ్ళాలి. పాస్టరుగార్లందరికీ ఆయన "మన షాలేమ్". ఆ "మన" అన్న రెండక్షరాల మీదే ఆయన కొట్టు కిరాయి, కరెంటు బిల్లు, ఇంట్లో పొయ్యి నిలబడి ఉన్నాయి.

అలాంటి మనిషి కొన్నాళ్ళుగా, విశ్రాంతమ్మ రోడ్డు మలుపులో కనిపిస్తే చాలు, కొట్టు వెనక తలుపు తీసుకుని ఎరువుల బస్తాల మాటున నిలబడుతున్నాడు. బస్తాల ఘాటుకు తుమ్ము వస్తుంది. తుమ్మితే దొరికిపోతాడు. అందుకని ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ, ఆమె దాటిపోయేదాకా అట్లాగే ఉంటాడు. ఎరువుల కొట్టతను మొదట్లో నవ్వాడు. తర్వాత జాలిపడి ఒక స్టూలు వేశాడు.

విశ్రాంతమ్మ అంగన్‌వాడీ టీచరు, చర్చిలో స్త్రీల కూడికకు పెద్ద. ఊళ్ళో సగం మంది ఆమె చేతి గుడ్డు తిని పెరిగినవాళ్ళే కాబట్టి ఆమె మాటకు ఎదురుండదు. ఎండాకాలం చివర్లో ఆమె కూతురు స్తుతికి బూర్గంపాడు అబ్బాయితో పెళ్ళి చేసింది. ఆ పెళ్ళికి స్తుతి కట్టింది కొత్త చీర కాదు. విశ్రాంతమ్మ తన పెళ్ళికి కట్టుకున్న తెల్ల పట్టుచీర, తెల్ల ముసుగు, అవే. "నేను కట్టిన చీరల నా బిడ్డ బలిపీఠం ముంగట నిలబడాలె" అని ఆమె ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ వచ్చింది. పెళ్ళిరోజు చర్చిలో అందరూ ఆ చీర గురించే మాట్లాడుకున్నారు.

ఆల్బమ్ ఖమ్మం ల్యాబ్ నుంచి అచ్చయి వచ్చింది. దాన్ని పట్టుకుని షాలేమ్‌రాజు విశ్రాంతమ్మ ఇంటికి వెళ్ళినరోజే వియ్యపురాలు కూడా బూర్గంపాడు నుంచి వచ్చి కూర్చుంది. అందరి ముందూ అట్ట తెరిచారు. మొదటి పేజీలో స్తుతి మోకాళ్ళ మీద ఉంది. చీర నీలంగా ఉంది. ముదురు నీలం కాదు, సర్కారు బడి పిల్లల చొక్కా నాలుగు ఉతుకులు పడ్డాక ఉండే నీలం. రెండో పేజీ తిప్పారు. నీలమే. చివరి పేజీదాకా నీలమే.

వియ్యపురాలు ఆల్బమ్ మూసి, చీర కొంగు సర్దుకుని, నెమ్మదిగా అంది.

"మా దిక్కు పెళ్ళికూతురికి తెల్లదే కడతరు వొదినా. మీ దిక్కు నీలం కడతరా?"

విశ్రాంతమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె షాలేమ్‌రాజు వైపు తిరిగింది.

"ఏం అల్లుడా, నా చీరకు ఏం చేసినవ్?"

అల్లుడంటే ఊరి వరసకు అల్లుడు. ఆ పిలుపు మామూలుగా తియ్యగా ఉండేది, ఆ రోజు మాత్రం కొడవలి అంచులా తగిలింది. షాలేమ్‌రాజు కంప్యూటర్ మీద ఆ చీర పాలలా తెల్లగా కనపడింది, అందుకే రంగు జోలికి పోకుండా ల్యాబుకు పంపాడు. నోటికి ముందు ఏది వస్తే అదే అనేశాడు.

"చీరది తప్పు కాదత్తా. నా స్క్రీన్ల దోషం ఉన్నది. పాతదైంది. రంగులు సరిగ్గ చూపిస్తలేదు."

"గట్లయితే మంచి స్క్రీన్ మీద చూసి మళ్ళ చేయి" అంది వియ్యపురాలు. "మా ఇంట్ల కృతజ్ఞత కూడిక ఉన్నది. పాస్టరుగార్లందరు వస్తున్రు. ఆ లోపట తెల్లచీర ఆల్బమ్ రావాలె. రాకుంటే ఫోటోలన్నీ ఇచ్చెయ్, కొత్తగూడెంల మా చుట్టాల స్టూడియో ఉన్నది."

షాలేమ్‌రాజు భయపడింది ఆ చివరి మాటకే. పాస్టరుగార్లందరూ కూర్చున్న చోట కొత్తగూడెం ఆల్బమ్ తెరిచారంటే, "మన షాలేమ్"లోంచి "మన" ఊడిపోతుంది. ఉత్త షాలేమ్ మిగులుతాడు. ఉత్త షాలేమ్‌కు పెళ్ళిళ్ళు ఎవరిస్తారు?

స్క్రీన్ దోషమన్న మాట ఆయన బయట పడటానికి అన్నదే అయినా, ఇంటికి వచ్చి చూస్తే నిజమే అనిపించింది. ఆ మానిటర్ పాల్వంచలో ఇంటర్నెట్ సెంటర్ ఎత్తేసినప్పుడు కొన్నది. మూలలు చాయ్ ఒలికిన బనీనులా ఉన్నాయి. ఇన్నాళ్ళూ దాని ముందు కూర్చుని కూర్చుని, అట్లా ఉండటమే దాని స్వభావం అనుకున్నాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. శుక్రవారం స్త్రీల కూడికలో విశ్రాంతమ్మ లేచి, ఒకామె మోకాళ్ళ నొప్పులకూ ఇంకొకామె చూడి గేదెకూ నడుమ, "సోదరుడు షాలేమ్‌రాజు కంప్యూటర్ స్క్రీన్ కొరకు" అని ప్రార్థన మనవి పెట్టింది. ఆమెది మంచి మనసే. దాంతో ఆదివారంకల్లా మొత్తం సంఘానికి తెలిసిపోయింది. బడి పిల్లలు కొట్టు ముందు నుంచి పోతూ, "అంకుల్, స్క్రీన్‌కు తగ్గిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పాస్టరుగారు చెయ్యి పట్టుకుని, "విశ్వాసముంచు షాలేమ్" అన్నారు. విశ్వాసానికి లోటేమీ లేదు. లేనిది మానిటరే.

ముందుగా దమ్మపేట వెళ్ళాడు. అక్కడ వెంకటరామారావుగారని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్ద రైతు, పామాయిల్ తోటలున్నాయి. ఆయన కొడుకు జయప్రకాశ్ హైదరాబాద్ నుంచి గోడంత మానిటర్ తెచ్చుకున్నాడని షాలేమ్‌రాజు విన్నాడు. ఒక్క పూట దాని ముందు కూర్చోనిస్తే చాలు, చీర సరిచేసుకుని పోతానని మనసులో అనుకుంటూ పోయాడు.

మానిటర్ ఉంది. హాల్లో గోడకు బిగించి ఉంది. దాని మీద గళ్ళు గళ్ళుగా విడిపోయి, ప్రతి గడిలో ఒక పామాయిల్ చెట్టు కనిపిస్తోంది. చెట్లు కదలడం లేదు. వెంకటరామారావుగారు వాటి ఎదురుగా మంచంలో పడుకుని, సినిమా చూస్తున్నంత శ్రద్ధగా వాటినే చూస్తున్నారు.

"గెలలు ఎత్తుకుపోతున్నారండీ" అన్నాడు జయప్రకాశ్ నొచ్చుకుంటూ. "అందుకని కెమెరాలు పెట్టించాం. నాన్న దాన్ని ఆపనివ్వరు. భోజనం కూడా ఇక్కడే."

"ఒక్క పూట, బాబూ. ఒక తెల్లచీర సరిచేసుకుని పోత."

పెద్దాయన తల తిప్పకుండానే అన్నారు. "ఒక్క పూట చాలయ్యా వాళ్ళకి. నువ్వు తెల్లచీర చూసుకునేలోపు నా తోట బోడైపోద్ది."

ఆయన భార్య సుశీలమ్మ మజ్జిగ ఇచ్చి, వెళ్ళేటప్పుడు సంచీ నిండా మామిడికాయలు పోసింది. షాలేమ్‌రాజు బస్సులో ఆ సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా పామాయిల్ చెట్లే. ఒక్కొక్కటీ ఆయన్ను అనుమానంగా చూస్తున్నట్టే ఉంది.

ఇంట్లో ఆయన భార్య ఆరాధన జాకెట్లు కుడుతుంది. మిషన్‌కు మోటారు పెట్టించుకుందామని కూడబెట్టుకున్న డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మోటరు?" అన్నాడాయన.

"కాళ్ళు ఉన్నయి గదా" అంది ఆమె. "ఖమ్మం పొయ్యి మంచిది చూసుకో. జల్దీ రా."

ఆ మాటతో షాలేమ్‌రాజుకు ధైర్యం రావాల్సింది పోయి భయం రెట్టింపయింది. ఇక తప్పు చేయడానికి వీల్లేదు.

ఖమ్మంలో మొదటి షాపు అబ్బాయి టై కట్టుకుని ఉన్నాడు. ఆ టై చూసే షాలేమ్‌రాజుకు సగం అర్థమైపోయింది. ఫోటో పనికి పక్కా రంగు చూపించే మానిటర్ ఉందన్నాడు, ఆన్ చేసి చూపించాడు. తెర మీద వచ్చిన చిలక బొమ్మలో ముక్కు మీద గీతలు కూడా కనపడ్డాయి. ధర చెప్పాడు. షాలేమ్‌రాజు ఇంకోసారి చెప్పమన్నాడు. రెండోసారి కూడా అంతే చెప్పాడు. బండి అమ్మినా అది రాదు. కెమెరా అమ్మితే రావచ్చు, కానీ కెమెరా లేనివాడికి మానిటర్ ఎందుకు?

రెండో షాపులో తక్కువలో ఉంది. తెచ్చిన ఫోటోను దాని మీద తెరిచి, తల కొంచెం ఎడమకు వంచితే చీర నీలం, కుడికి వంచితే పసుపు. "తల కదల్చకుండ పని చేసుకోవాలె సార్" అన్నాడు షాపతను మంచి సలహాలా. మూడో షాపులో కిస్తీలకు ఇస్తామన్నారు, కానీ ఊరి పేరు చెప్పగానే ఆ కాగితం మళ్ళీ సొరుగులోకి పోయింది. ఎండలో తిరిగి తిరిగి, చివరికి ఒక రిపేరు కొట్టు ముందు మెట్టు మీద కూర్చుండిపోయాడు. కూడిక దగ్గరపడుతోంది. చేతిలో ఆరాధన కాళ్ళ కష్టం ఉంది. కళ్ళు మసకబారాయి. ఎండకని అనుకున్నాడు.

రిపేరతను జాలిపడ్డాడు. "అన్నా, ఈ వెనక సందుల ఒక స్కానింగ్ సెంటర్ ఖాళీ చేస్తున్నరు. ఆడ వెంకటకృష్ణ అని ఉంటడు. మంచి మానిటర్ ఉన్నది, అమ్ముతున్నరు. చూడు ఒకసారి."

వెంకటకృష్ణ అక్కడి టెక్నీషియన్, అట్టపెట్టెల మధ్య నిలబడి ఉన్నాడు. ఒక చీకటి గదిలోకి తీసుకెళ్ళాడు. మానిటర్ నిలువుగా, బరువుగా, పెద్దమనిషిలా ఉంది.

"ఇది డాక్టర్లు చూసేది అన్నా. ఎముకల వెంట్రుకంత పగులున్నా కనిపిస్తది. కొత్తగ కొన్ననాడు కారు రేటు దీనిది. ఇప్పుడు పెట్టుకోనీకి జాగ లేక ఇస్తున్నం. మీకు దేనికి?"

"ఫోటోలు చూసుకోనీకి."

"ఇంకేంది మరి. మేము కూడ చూసేది ఫోటోలే."

షాలేమ్‌రాజు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో ఆయన తెచ్చింది ఒకే ఒక్క ఫోటో, తన ప్రాణాలు తీస్తున్న ఆ మొదటి పేజీ ఫోటో. సున్నం కొట్టిన గోడ ముందు తెల్లచీరలో స్తుతి, నల్లకోటులో పెళ్ళికొడుకు, తెల్లటి అంగీలో పాస్టరుగారు. ఫోటో తెరుచుకుంది. షాలేమ్‌రాజు చీరను పెద్దది చేశాడు. అంచు మీద ఒక్కొక్క దారం విడివిడిగా కనపడింది. చీర మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నీలం కోసం వెతికాడు. కొంగులో వెతికాడు, కుచ్చిళ్ళలో వెతికాడు, ముసుగు అంచుల్లో వెతికాడు. నీలం జాడ లేదు.

ముఖాలు మాత్రం కొంచెం పాలిపోయినట్టున్నాయి. పెళ్ళి ముందు అందరూ ఉపవాస ప్రార్థనలో ఉన్నారు కదా, అందుకేమో అనుకున్నాడు.

"ఇయ్యన్నా, ఇదే కావాలె" అన్నాడు. ఆరాధన ఇచ్చిందంతా లెక్కపెట్టకుండా ఇచ్చేశాడు. వెంకటకృష్ణే లెక్కపెట్టుకుని, బస్సు కిరాయికి కొంచెం వెనక్కి ఇచ్చాడు.

బస్సు నిండా ఆడవాళ్ళు. వాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం వచ్చాక ఆ దారిలో మగవాళ్ళకు సీటు దొరకడం అరుదు. షాలేమ్‌రాజు మానిటర్‌ను దుప్పట్లో చుట్టి, రెండు చేతులా కావలించుకుని, కొత్తగూడెందాకా నిలబడే వచ్చాడు. గుంట వచ్చినప్పుడల్లా దానికి దెబ్బ తగలకుండా తన మోచేయి అడ్డం పెట్టాడు.

"ఏందయ్యా అది, అద్దమా?" అంది ఒక ముసలమ్మ.

"కాదమ్మా. కంప్యూటర్‌ది."

"పసిపోరన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నవ్. కూసో ఇట్ల కొంచెం" అని ఆమె సగం సీటు జరిగింది. చాలా రోజుల తర్వాత ఆయనకు లోకం మంచిదనిపించింది.

మర్నాడు పొద్దున కొట్టు తెరిచి, కొత్త మానిటర్‌ను బల్ల మీద నిలబెట్టి, పాతదాన్ని తీసి కింద పెట్టి మొహం గోడవైపు తిప్పాడు. అప్పుడే లాలి వచ్చింది. పక్క తండా మనిషి. మనవరాలి పుట్టినరోజు పండక్కి అద్దాల రవిక, ఎర్ర లంగా, చేతినిండా గాజులతో ఫోటో దిగి, పెద్దది చేయించి గోడకు పెట్టుకుందామని బయానా ఇచ్చి ఉంది.

"సమయానికి వచ్చినవ్ చెల్లే. కొత్త స్క్రీన్ మీద ముందు నీదే చూద్దాం" అన్నాడు షాలేమ్‌రాజు హుషారుగా.

లాలి ఫోటో తెర నిండా వచ్చింది. లాలి చూసింది. షాలేమ్‌రాజు చూశాడు.

"ఏంది అన్నా" అంది లాలి చివరికి. "నన్ను సంపినవా?"

అద్దాలు మెరుస్తున్నాయి, కానీ లంగా బూడిద రంగులో ఉంది. రవిక బూడిద. గాజులు బూడిద. వెనక చెట్టు, ఆకాశం, పక్కన మేక, అన్నీ బూడిద రంగువే. పొయ్యిలోంచి తీసి నిలబెట్టినట్టు లాలి అందులో నిలబడి ఉంది.

"గిట్లాంటి ఫోటోలు సచ్చినోళ్ళకే పెడతరు. నా ఎర్రది ఏది?"

షాలేమ్‌రాజు తీగ ఊడదీసి పెట్టాడు. మళ్ళీ ఊడదీసి పెట్టాడు. తెర పక్కన తట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. లాలి ఇంకా చనిపోయే ఉంది. ఫోన్ తీసి వెంకటకృష్ణకు చేశాడు.

"రంగు వస్తలేదన్నా."

అటువైపు నుంచి వెంకటకృష్ణ ఎదురు అడిగాడు. "ఎక్స్‌రేల రంగు ఎందుకుంటది అన్నా? అది బ్లాక్ అండ్ వైటే. నువ్వు అడిగితే చెప్పేటోన్ని."

అడిగితే. ఈ కాలంలో మానిటర్ కొనేవాడు అందులో రంగు ఉంటుందా అని అడుగుతాడా? అన్నం పెట్టేవాళ్ళను ఇది ఉడికిందా అని అడిగినట్టుంటుంది. తీసుకుపోయిన ఫోటోలో గోడ తెలుపు, చీర తెలుపు, అంగీ తెలుపు, కోటు నలుపు. చర్చి పెళ్ళి ఫోటో కాకుండా లాలి ఫోటో పట్టుకుపోయి ఉంటే మొదటి చూపులోనే బయటపడేది. నీలం లేదని మురిసిపోయాడే గానీ, అసలు ఏ రంగూ లేదని చూసుకోలేదు. సెంటర్ షట్టర్ మూసేశారని, వెనక్కి తీసుకునేవాళ్ళు లేరని వెంకటకృష్ణ నొచ్చుకుంటూ చెప్పి పెట్టేశాడు.

లాలి ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "సరే అన్నా. మళ్ళొస్త. నా ఎర్రది ఎటూ పోదుగా" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు షాలేమ్‌రాజు అన్నం తినలేదు. సంగతి ఆరాధనకు ఎలా చెప్పాలో తెలియక మూడుసార్లు దగ్గరిదాకా పోయి, మూడుసార్లూ మంచినీళ్ళు అడిగాడు. నాలుగోసారి ఆమే మిషన్ ఆపింది.

"ఏమయ్యా, కడుపుల బావి తవ్వుతున్నవా? ఏమైందో చెప్పు."

చెప్పాడు. ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కాళ్ళను ఒకసారి చూసుకుని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆయన నెత్తి మీద పడుతున్నట్టే ఉంది.

కొంచెంసేపటికి ఆమే అంది. "నాకు జాకెట్ ముక్కకు దారం కలపాలంటే, ట్యూబులైటు కింద ఎన్నిసార్లు చూసినా తెలువదు. గుడ్డ తీసుకుని గుమ్మంల ఎండకు పోత. నువ్వు ఆ స్క్రీన్లు ఈ స్క్రీన్లు చూసుడే గానీ, ఒక్కనాడన్న చీరను చూసినవా?"

చూడలేదు. చూడాలంటే విశ్రాంతమ్మ ఇంటికి పోవాలి. ఆమె అంగన్‌వాడీలో ఉండే వేళ చూసుకుని, దొంగలా సందులోంచి వెళ్ళాడు. ఇంట్లో ఆమె భర్త తోమాసు ఒక్కడే ఉన్నాడు. మేస్త్రీ పని చేసి చేసి మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. భార్య మాట్లాడేదంతా మాట్లాడేస్తుంది కాబట్టి ఆయనకు మాట్లాడే పని పెద్దగా పడలేదు.

"మామా, పెళ్ళిచీర ఒక్కసారి చూపిస్తవా? ఎండల చూడాలె."

తోమాసు లోపలికి పోయి, ఇనప్పెట్టె తీసి, చీర తెచ్చి, వాకిట్లో దండెం మీద వేశాడు.

మధ్యాహ్నపు ఎండలో ఆ చీర నీలంగా ఉంది. ఆల్బమ్‌లో ఉన్న నీలమే, ఇసుమంతైనా తేడా లేదు.

షాలేమ్‌రాజు చీర చుట్టూ ఒకసారి తిరిగాడు. అటువైపు నుంచి కూడా నీలమే.

"పాతబడి పసుపుపచ్చగయింది" అన్నాడు తోమాసు, నేలను చూస్తూ. "బిడ్డ పెళ్ళికి తెల్లగ చెయ్యాలె అన్నది. నీలిమందు బకెట్ల ముంచింది. ఇంక తెల్లగ కాలేదని మళ్ళ ముంచింది. ముసుగు కూడ అండ్లనే వేసింది. చాలు విశ్రాంతం అన్న. ఇన్నదా? చర్చిల లైట్లకు కొట్టొచ్చినట్టు తెల్లగ కనపడ్డది. అందరు మెచ్చుకున్నరు. ఇంక నేనేం చెప్త?"

షాలేమ్‌రాజుకు అప్పుడు గుర్తొచ్చింది. తన పాత మానిటర్ మీద పెళ్ళికొడుకు చొక్కా మీగడ రంగులో కనపడింది, అది మీగడ రంగు చొక్కాయే అనుకున్నాడు. ఆల్బమ్‌లో మాత్రం ఆ చొక్కా శుభ్రంగా తెల్లగానే అచ్చయింది. ఎవరూ చూడలేదు. పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికొడుకును ఎవరు చూస్తారు? చీరది నీలం, పాత మానిటర్‌ది పసుపు. రెండూ కలిసి ఆయన కళ్ళముందు తెలుపైపోయాయి. కెమెరా, ల్యాబు ఉన్నది ఉన్నట్టు చూపించాయి.

ఆయన ఒంట్లోకి ఒక్కసారి ప్రాణం వచ్చింది. తప్పు తనది కాదు. ఈ చీర పట్టుకుపోయి వియ్యపురాలి ముందు పరిస్తే చాలు, ప్రార్థన మనవి పెట్టించుకున్న అవమానమంతా ఒక్క దెబ్బతో...

"ఏం అల్లుడా, ఎట్లుంది చీర?"

విశ్రాంతమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో గుడ్ల ట్రే. ఆమె చూపు చీర మీద ఉంది, ముఖంలో పెళ్ళినాటి వెలుగు ఉంది. "పాలలెక్క లేదూ? మా అమ్మ వరికోతలకు పోయి కూడబెట్టి కొన్నది. కడుపు కట్టుకుని కొన్నది. అట్లాంటి చీరను నీ స్క్రీన్ చూడు ఏం చేసిందో."

తోమాసు దండెం కర్రను పట్టుకుని నిలబడ్డాడు, అంతే. కానీ షాలేమ్‌రాజు వైపు చూసిన ఆ చూపు, పెళ్ళిలో ఫోటో దిగేటప్పుడు "నన్ను ముసలోన్ని చెయ్యకు అల్లుడా" అని చూసిన చూపే.

షాలేమ్‌రాజు చీర అంచు సర్ది దండెం మీద సరిగ్గా వేశాడు.

"పాలలెక్కనే ఉందత్తా" అన్నాడు. "దోషం స్క్రీన్‌దే."

ఇంటికి నడిచి వస్తుంటే తన మీద తనకే కోపం వచ్చింది. చేతికి దొరికిన తాడును తనే తెంపుకున్నాడు. కూడిక ఎల్లుండి. ల్యాబు వాడికి రేపు సాయంత్రంలోగా పంపాలి. పసుపు చూపే మానిటర్ ఒకటి, బూడిద చూపేది ఒకటి ఉన్నాయి, రంగు చూపేది లేదు. కొట్టులో కూర్చుని, ఏమీ తోచక, ఆ బూడిద మానిటరే వేసి చీర అంచును పెద్దది చేసి చూశాడు. దారం దారం కనిపిస్తోంది. అసలే ఎముకలో వెంట్రుకంత పగులు చూపే కళ్ళు దానివి.

అప్పుడు తట్టింది. చీరను తెల్లగా చేయడానికి రంగు కనపడాల్సిన పనే లేదు. చీరలో ఉన్న రంగంతా తీసేస్తే మిగిలేది తెలుపే. కావలసిందల్లా చీర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం. చీర హద్దు తప్పి చేతి మీద పడితే స్తుతి చెయ్యి కూడా బూడిదవుతుంది. హద్దు చూపడంలో మాత్రం ఈ మానిటర్‌ను మించింది ఖమ్మంలో కూడా ఉండదు.

కూర్చున్నాడు. ఒక్కొక్క ఫోటోలో కొంగు అంచు వెంట, ముసుగు వెంట, వేళ్ళ సందుల్లోంచి, చీమ నడిచినట్టు గీత గీసుకుంటూ పోయాడు. ఒకచోట స్తుతి చెయ్యి మీదికి జారి, వెనక్కి వచ్చి మళ్ళీ గీశాడు. ఆరాధన అన్నం తెచ్చి పెట్టి, ఏమీ అడగకుండా, తెరను చూసి, "కొన్నందుకు ఒక పనికన్న వస్తున్నది" అని పోయింది. మర్నాడు సాయంత్రానికి కళ్ళు ఎర్రబడ్డాయి, చీర తెల్లబడింది. తెల్లబడిందని తనకు నమ్మకమే గానీ, కళ్ళతో చూడటానికి తన దగ్గర దిక్కు లేదు. ఆ నమ్మకంతోనే ల్యాబుకు పంపాడు. పాస్టరుగారు చెప్పిన విశ్వాసం ఇదేనేమో అనుకున్నాడు.

బూర్గంపాడులో కూడికనాడు ఆల్బమ్ సరాసరి ల్యాబు నుంచి బస్సులో వచ్చింది, విప్పి చూసే సమయం లేదు. కుర్చీల్లో పాస్టరుగార్లందరూ ఉన్నారు. వియ్యపురాలు అట్ట తెరుస్తుంటే షాలేమ్‌రాజు తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.

మొదటి పేజీ. స్తుతి మోకాళ్ళ మీద ఉంది. చీర తెల్లగా ఉంది. పక్కన ఉన్న చేతులు చేతుల రంగులోనే ఉన్నాయి. ముఖం నవ్వుతోంది.

వియ్యపురాలు పేజీ మీద వేలితో రాసి చూసింది. "ఇదే చీరనా వొదినా? బాగున్నది" అంది.

విశ్రాంతమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. ప్రార్థన పెట్టిన శుక్రవారం నుంచి మొదలుపెట్టి, స్క్రీన్‌కు ఉన్న దోషం ఎట్లా తొలగిపోయిందో చెప్పింది. సభ మొత్తం తిరిగి షాలేమ్‌రాజును చూసింది, చాలాకాలం జబ్బుపడి లేచినవాణ్ణి చూసినట్టు. తోమాసు తన చెప్పులను చూసుకుంటున్నాడు. అందరూ ఆమేన్ అన్నాక, ఒక్క ఊపిరి ఆలస్యంగా, షాలేమ్‌రాజు కూడా అన్నాడు. ఒక పాస్టరుగారు భుజం తట్టి, "మన షాలేమ్ కదా, ఫిబ్రవరిల మా సంఘంల పెళ్ళి ఉన్నది, రావాలె" అన్నారు.

తిరుగు బస్సు ఎక్కేటప్పుడు విశ్రాంతమ్మ ఆయన పక్కనుంచి పోతూ, ఆయన వైపు చూడకుండా, అన్నం మూట సంచీలో పెట్టినంత నెమ్మదిగా అంది.

"నేను మొన్న నువ్వు పోయినంక చీర మడత పెడుతుంటే దాని మీద ఎండ పడ్డది అల్లుడా, దగ్గరినుంచి చూసిన. ఇంక నీలిమందు కొనను. నీ కొత్త స్క్రీన్ల రంగు లేదని ఆరాధన చెప్పింది."

షాలేమ్‌రాజు నోరు తెరిచేలోపు ఆమె బస్సెక్కి, సీటు పట్టుకుని, లోపలున్న ఆడవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. "వచ్చే శుక్రవారం షాలేమ్ స్క్రీన్‌కు రంగు రావాలని ప్రార్థన పెడతం. ఎవరు మరిచిపోవద్దు."

ఆయన ములకలపల్లిలో దిగేసరికి కొట్టు మెట్టు మీద లాలి కూర్చుని ఉంది. అద్దాల రవిక, ఎర్ర లంగా, చేతినిండా గాజులు, ఫోటోలో ఉన్నట్టే తయారై వచ్చింది.

"స్క్రీన్‌ల రంగు లేదంటివి గదా అన్నా" అంది. "నన్ను చూసి వేస్తవేమోనని వచ్చిన."

షాలేమ్‌రాజు షట్టర్ తీశాడు. గోడవైపు తిరిగి ఉన్న పాత మానిటర్‌ను ఎత్తి బల్ల మీద పెట్టాడు. స్టూలు తెచ్చి దాని పక్కన, గుమ్మంలో ఎండ పడేచోట వేశాడు.

"కూసో చెల్లే" అన్నాడు. "కదలకు."